తుప్పు పట్టిన సైలెన్సర్: ఎంతవరకు మార్చాలి?

మన ఊళ్ళో సైలెన్సర్ అంటాం, ఇక్కడ మఫ్లర్ అంటారు. పేరేదైనా, ఇంజన్ దగ్గర మొదలై వెనక బంపర్ దాకా సాగే గొట్టాల వరుసలో అదొక భాగం మాత్రమే. ఈ సంగతి తెలియకపోతే, ఎక్కడో చిన్న చిల్లు పడ్డా "మొత్తం మార్చాలి" అన్న మాటకి తలూపి, వెయ్యి డాలర్ల పైచిలుకు వదిలించుకోవాల్సి వస్తుంది.

మేముండే కమ్మింగ్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లే రోజులు చాలా తక్కువ. అయినా తుప్పు పట్టిన కార్లకి కొదవలేదు. కారణాలు రెండు. మిషిగన్ నుంచో న్యూజెర్సీ నుంచో ఉద్యోగం మారి వచ్చేవాళ్ళు కారుతో పాటు అక్కడి ఉప్పు తుప్పునీ తెచ్చుకుంటారు. రెండోది, మన ఇళ్ళలో ఉండే రెండో కారు. పిల్లల స్కూలుకి, ఇండియన్ షాపుకి రెండేసి మైళ్ళు తిరగడమే దాని పని. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూరం వెళితే గొట్టమంతా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. రెండు మైళ్ళకే ఇంజన్ ఆపేస్తే మఫ్లర్‌లోనే నీరై నిలిచి, రేకుని లోపల్నుంచి తినేస్తుంది. వారానికోసారైనా ఆ కారుని అరగంట పాటు హైవే మీద తిప్పమనేది అందుకే.

టెస్టు పాసయితే చాలదా?

చాలదు. మా ఫోర్సైత్ కౌంటీ, అట్లాంటా చుట్టుపక్కల ఎమిషన్స్ పరీక్ష తప్పనిసరి అయిన 13 కౌంటీల్లో ఒకటి. మరీ కొత్తవి, మరీ పాతవి మినహాయిస్తే పెట్రోలు కార్లకి ఏటా ట్యాగ్ రెన్యువల్‌కి ముందు ఈ పరీక్ష చేయించాలి. ఇందులో చేసేది కారు కంప్యూటర్‌ని చదవడం, గ్యాస్ క్యాప్ బిగువు చూడడం, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉందో లేదో చూడడం. అంతే. జార్జియాలో మామూలు కార్లకి ఏటా జరిపే సేఫ్టీ పరీక్ష అంటూ లేదు. అంటే కన్వర్టర్ తర్వాత గొట్టానికి ఎంత చిల్లు పడినా, డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలగనంతవరకు మీ కారు పాసయిపోవచ్చు. ఉత్తరాన డాసన్ కౌంటీలోకి వెళితే ఆ మాత్రం పరీక్ష కూడా లేదు.

కానీ కార్బన్ మోనాక్సైడ్‌కి కౌంటీ సరిహద్దులు తెలియవు. దానికి రంగూ వాసనా ఉండవు. కారు అడుగున లీకయితే, నేలరేకులో తుప్పు కన్నాల గుండా వెనక సీట్లో పిల్లలున్న చోటికి చేరగలదు. కారులో కూర్చుంటే తలనొప్పి, వికారం, తల తిరగడం, దిగి గాలి పీలిస్తే తగ్గడం... ఇలా జరుగుతుంటే ఆ కారు నడపడం వెంటనే ఆపేయాలి. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లో, తలుపు తెరిచి ఉన్నా సరే, ఇంజన్ నడుపుతూ ఉంచకూడదు.

చిల్లు ఎక్కడుందో కనిపెట్టండి

ఇంజన్ నుంచి వెనక్కి వరుస ఇది: మానిఫోల్డ్, కన్వర్టర్, రెజొనేటర్, మఫ్లర్, చివర టెయిల్ పైపు. కన్వర్టర్‌కి ముందూ వెనకా ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. ముందు సెన్సర్‌కి ఎగువన లీకుంటే బయటి గాలి లోపలికి చొరబడుతుంది. ఇంజన్‌కి పెట్రోలు చాలట్లేదనుకుని కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, లైటు వెలుగుతుంది. కన్వర్టర్ తర్వాత లీకయితే మోత పెరుగుతుంది, మైలేజీ పెద్దగా మారదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి చూడండి. అతుకుల దగ్గర నల్లటి మసి ఉంటే లీకు అక్కడే. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. గట్టి గొట్టం ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొద్దుగా పలుకుతుంది. ఒక్క జాకీని నమ్ముకుని మాత్రం కారు కిందకి దూరకండి. జాక్ స్టాండ్లు ఉండాల్సిందే.

ఖర్చు మెట్లు మెట్లుగా

కిందకి వేలాడుతుంటే ముందు రబ్బరు హ్యాంగర్లు చూడండి. కొన్ని డాలర్లలో తేలిపోతుంది. కన్వర్టర్ వెనక సూదిబెజ్జానికి ఎగ్జాస్ట్ టేపు, పుట్టీ పనికొస్తాయి గానీ అది షాపుకి వెళ్ళేదాకా తాత్కాలికమే. గొట్టం ఒకచోటే పాడయితే ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేయించవచ్చు. మా మిత్రుడొకరికి ఒక షాపులో వరుసంతా మార్చడానికి 1,350 డాలర్లు చెప్పారు. కారు కింద చూస్తే మసి ఉన్నది మఫ్లర్ ముందున్న అతుకు దగ్గర మాత్రమే. మఫ్లర్ల పనే చేసే మరో చిన్న షాపులో అడుగు పొడవు గొట్టం వేయించి 180 డాలర్లతో బయటపడ్డారు. అందుకే "ఏ ముక్క పాడయింది, లిఫ్ట్ మీద చూపిస్తారా?" అని అడగండి. చూపించని చోట పని అప్పగించకండి.

మఫ్లరే పోతే అల్యూమినియం పూత ఉన్నది చవక, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది ఎక్కువ కాలం మన్నుతుంది. ఇంకో రెండేళ్ళే ఉంచుకునే కారుకి మొదటిది చాలు. కన్వర్టర్ దాకా వస్తే డబ్బు కట్టే ముందు వారంటీ చూసుకోండి. ఫెడరల్ నిబంధనల ప్రకారం దానికి 8 ఏళ్ళు లేదా 80,000 మైళ్ళు, ఏది ముందయితే అంతవరకు వారంటీ ఉంటుంది. పొదుపు పేరుతో దాన్ని తీసేసి ఉత్త గొట్టం పెట్టించడం మాత్రం చట్టవిరుద్ధం.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. కారు లిఫ్ట్ మీదున్నప్పుడే బ్రేకు గొట్టాలూ ఫ్రేమూ ఎలా ఉన్నాయో అడగండి. అవి కూడా తుప్పు తినేసి ఉంటే సైలెన్సర్‌కి పెట్టే ప్రతి డాలరూ దండగే. ఆ డబ్బు తర్వాతి కారుకి దాచుకోవడం మంచిది. అవి గట్టిగా ఉంటే, పాడయిన ముక్క వరకే మార్పించి కారుని నిశ్చింతగా నడుపుకోండి.