మా ఊరి పిన్‌కోడ్ ముక్కలు కాదు!

ఆన్‌లైన్‌లో ఏది ఆర్డర్ పెట్టినా 523357 అని కొడతాను. అది మా గిద్దలూరు పిన్‌కోడ్. ఆ ఆరంకెల్లో ఎంత సంగతి ఉందో మొన్న ఎండాకాలం సెలవుల దాకా నాకూ తెలీదు.

మార్కాపురం నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. ఎనిమిదో తరగతి. మార్కులు తగ్గాయని ఇంట్లో తిట్లు తిని, 'నాకు లెక్కలు రావు మామా' అని తేల్చేశాడు. భాగహారం వస్తే చాలన్నాను. మీ ఊరి పిన్, మా ఊరి పిన్... ఏది ముక్కలవుతుందో చూద్దామని పందెం.

మార్కాపురం 523316. సరిసంఖ్య కాబట్టి వెంటనే విరిగింది: 4 × 130829.

మా 523357 మాత్రం 2కి, 3కి, 5కి లొంగలేదు. 'ఎందాకా చెయ్యాలి?' అన్నాడు. 723 దాకా చాలు. ఎందుకంటే 724 × 724 అంటే 524176, మన సంఖ్యను దాటిపోతుంది. రెండు ముక్కలైతే చిన్న ముక్క 723లోపే ఉండాలి. అదీ ప్రధాన సంఖ్యలతో భాగిస్తే సరిపోతుంది. 2తో పోనిది 4తో ఎలా పోతుంది? అలాంటివి మొత్తం 128.

మార్కాపురం పలక మీద లెక్క, నోట్సులో శేషాలు. 523 దగ్గర 'పోయింది!' అని ఎగిరాడు. 523000 పోయాక మిగిలిన 357 మర్చిపోయాడు! మూడో రోజు చివరిదైన 719 దగ్గర శేషం 644. పందెం నాదే. మా పిన్‌కోడ్ ప్రధాన సంఖ్య! ఇంత పెద్ద అంకెల్లో సుమారు 13కి ఒకటే అలా ఉంటుంది.

అన్ని పలకలుంటే సమాన వరుసల్లో పేర్చలేం. ఒకటే పొడవాటి వరుస. కానీ రెండు చదరాలుగా మాత్రం పేర్చొచ్చు: 661 × 661, 294 × 294. ఒక్క పలకా మిగలదు. 4తో భాగిస్తే శేషం 1 వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలా ఒకే ఒక్క జత ఉంటుందని 1640లో ఫెర్మా చెప్పాడు. తర్వాత ఆయిలర్ నిరూపించాడు.

వాణ్ని రైలెక్కిస్తూ కంభం పిన్‌కోడ్ 523333 ఇచ్చి, చూడమన్నాను. బండి కంభం దాటేసరికి ఫోన్.

'ఇదీ ప్రధాన సంఖ్యే మామా.'

'అప్పుడే 128 భాగహారాలా?'

'లేదు. మీది దీనికన్నా 24 ఎక్కువ. నోట్సులో శేషం 24 ఎక్కడైనా ఉందా అని వెతికా. లేదు. 23 దాకా ఉన్న చిన్నవాటితో మాత్రం మళ్లీ భాగించా.'

ఈ కిటుకు నేను చెప్పలేదు. నాకు తట్టనే లేదు.

మీ ఊరి పిన్‌కోడ్ సంగతేంటి? ఫోన్ పక్కన పెట్టి, ఓసారి ట్రై చేయండి.