బలం, ఆయుధం, ఆత్మరక్షణ: విశ్వాసి వైఖరి

 



జుమా నమాజు ముగిసిన తరువాత మస్జిదు మెట్ల మీద మమ్మల్ని ఆపి అడిగే ప్రశ్నలలో ఈ మధ్య మూడు మాటిమాటికీ వినిపిస్తున్నాయి. మొదటిది, కళాశాల నుండి పొద్దుపోయాక ఇల్లు చేరే కుమార్తె గురించి ఒక తల్లి పంపిన కబురు: అమ్మాయికి కరాటే నేర్పించవచ్చునా? రెండవది, శిక్షణశాలకు వెళ్ళే కుర్రవాడిది: అక్కడ గురువుకు వంగి వందనం చేయమంటున్నారు, చేయవచ్చునా? మూడవ ప్రశ్న అందరూ వెళ్ళిపోయిన తరువాత, గొంతు తగ్గించి అడిగేది: “హజ్రత్, రోజులు బాగాలేవు కదా, ఇంట్లో ఒక తల్వారు పెట్టుకుంటే తప్పా?”

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడం సులభం. మూడవది మమ్మల్ని చాలాకాలం ఆలోచింపజేసింది. దాని వెనుక ఉన్నది అహంకారం కాదు, భయం. భయపడిన మనిషిని మందలించి పంపివేయడం ధర్మబోధ కాజాలదు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుండి పరిశీలించాలని తలచాము.

మన పూర్వులు దేహబలాన్ని విద్యగా భావించారని తెలుగు భాషే సాక్ష్యమిస్తున్నది. కుస్తీ నేర్పేవానిని మనవాళ్ళు వస్తాదు అన్నారు. అది ఉస్తాద్ అనే మాటకు తెలుగు రూపం. ఉస్తాద్ అంటే గురువు. కుస్తీ నేర్చే చోటును తాలీంఖానా అన్నారు. తాలీం అంటే చదువు చెప్పడం. నిజాం సైన్యంలో కొలువు చేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతి నివసించే హైదరాబాదు బార్కస్ నేటికీ కుస్తీకి పేరుగన్నది. ఇంత మర్యాద గల పదాలకు ఈనాడు పట్టిన గతి చూస్తే మనస్సు చివుక్కుమంటుంది. కొన్ని మహల్లాలలో పహిల్వాన్ అనగానే జనం తలచుకునేది స్థలాల తగాదాలలో తలదూర్చి బెదిరించే మనిషిని. మాట చెడలేదు సోదరులారా, దానిని ధరించినవారు చెడగొట్టారు.

బలాన్ని ఇస్లాం చిన్నచూపు చూడలేదు. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉన్నదని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. అస్లం తెగవారు విలువిద్యలో పోటీపడుతుండగా వారు ఆ దారిన వెళుతూ ఆగి ప్రోత్సహించారు. తాను ఒక పక్షాన ఉన్నానని అనగానే రెండవ పక్షం వారు బాణాలు వేయడం మానుకున్నారు. కారణమడిగి తెలుసుకుని, అయితే తాను అందరి పక్షానా ఉన్నానని చెప్పి మళ్ళీ ఆడించారు. ఈద్ దినాన హబషా దేశస్థులు మదీనా మస్జిదులోనే బల్లేలతో, డాళ్ళతో విన్యాసాలు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) వారిని వారించబోయి గులకరాళ్ళు చేతిలోకి తీసుకుంటే, వారిని వదిలేయమని ప్రవక్త (సఅసం) అన్నారు. హజ్రత్ ఆయిషా (రజి) తనకే అలసట కలిగేదాకా వారి వెనుక నిలబడి ఆ ఆటను తిలకించారు.

ఇక్కడ ఒక చిన్న సవరణ. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పమనే వాక్యాన్ని ప్రవక్త (సఅసం) ప్రవచనంగా శిక్షణశాలల గోడల మీద, కరపత్రాల మీద అచ్చు వేస్తున్నారు. ప్రవక్త పలుకుగా దాని పరంపర బలహీనమైనదని హదీసు విద్వాంసులు నిర్ధారించారు. ఆ భావం గల ఆదేశం హజ్రత్ ఉమర్ (రజి) పేర వచ్చింది. మాట మంచిదే కావచ్చు. కానీ మంచి మాట అయినంత మాత్రాన దానిని ప్రవక్తకు ఆపాదించే హక్కు మనకు లేదు.

ఇక అసలు విషయానికి వద్దాము. బలవంతుని చేతిలో ఏమి జరగగలదో దివ్య ఖుర్ఆన్ ఒక సంఘటన ద్వారా మనకు చూపించింది. అది ఖసస్ సూరాలో, మూసా ప్రవక్త (అలై) యౌవన కాలానికి సంబంధించినది. ఆయన నగరంలో ప్రవేశించేసరికి ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఒకడు తన వర్గంవాడు, ఇంకొకడు శత్రు వర్గంవాడు. తనవాడు సహాయం కోసం పిలిచాడు. మూసా (అలై) ఒక పిడిగుద్దు గుద్దారు. అంతే, అవతలివాని ప్రాణం పోయింది.

ఈ ఘటనను నిదానంగా గమనించండి. ఆయన చేతిలో ఆయుధం లేదు. చంపాలనే సంకల్పం లేదు. పీడిత జాతికి చెందిన మనిషి మొరపెట్టుకుంటే ఆదుకోవడానికి వెళ్ళారు. నేటి యువకులు తమ కొట్లాటలకు చెప్పే సాకులన్నిటికంటే ఆయన కారణం గట్టిది. అయినా ఆయన ఆ కారణాన్ని అడ్డుపెట్టుకోలేదు. ఇది షైతాను పని అన్నారు, తనకు తానే అన్యాయం చేసుకున్నానని ఒప్పుకుని క్షమాభిక్ష వేడుకున్నారు. అల్లాహ్ ఆయనను క్షమించాడు. మరునాడు చూస్తే, నిన్న సహాయం కోరినవాడే మరొకనితో కలహానికి దిగి మళ్ళీ కేక వేస్తున్నాడు! మూసా (అలై) వానిని నీవు స్పష్టంగా దారితప్పినవాడవని గద్దించారు. మనవాడు పిలిచిన ప్రతిసారీ న్యాయం మనవాని వైపే ఉంటుందని అనుకోవడం ఎంత ప్రమాదకరమో ఇంతకంటే ఎవరు చెప్పగలరు? “అన్నా, ఒకసారి రా” అని ఫోను రాగానే, జగడం ఏమిటో కూడా అడగకుండా నలుగురిని వెంటేసుకుని బండ్లెక్కే యువకులు ఈ రెండవ రోజు సంఘటనను తప్పక చదవాలి.

ఆ ఒక్క దెబ్బ బరువు ఆయనను వదలలేదు. ఏళ్ళ తరువాత ప్రవక్త పదవి లభించినప్పుడు సైతం తాను వారిలో ఒకనిని చంపానని, వారు తనను చంపుతారేమోనని భయపడుతున్నానని ప్రభువుతో విన్నవించుకున్నారు. ప్రళయదినాన ప్రజలు సిఫారసు కోసం ఆయన వద్దకు పోతే, చంపమని తనకు ఆజ్ఞ లేని ప్రాణాన్ని తీశానని చెప్పి వారిని మరొక ప్రవక్త వద్దకు పంపుతారని బుఖారీ, ముస్లిం గ్రంథాల హదీసు తెలుపుతున్నది. క్షమింపబడిన తప్పు గురించే ఒక మహాప్రవక్త అంతగా సిగ్గుపడితే, క్షమాపణ అడగడానికే సిగ్గుపడే మన సంగతేమిటి?

అదే సూరాలో కథ ముందుకు సాగుతుంది. మద్యన్ చేరిన మూసా (అలై) బావి దగ్గర మగవాళ్ళ గుంపు తొలగేదాకా తమ మందను ఆపుకుని నిలిచిన ఇద్దరు ఆడపిల్లలను చూశారు. వారి పశువులకు నీళ్ళు తోడి పెట్టి, ప్రతిఫలం అడగక నీడకు వెళ్ళి కూర్చున్నారు. ఆ ఇద్దరిలో ఒకామె తండ్రితో ఆయనను పనిలో పెట్టుకొమ్మని చెబుతూ రెండు గుణాలు పేర్కొన్నది: బలం, నమ్మకస్తత. ఈజిప్టులో ప్రాణం తీసిన చేయి, మద్యన్‌లో నీళ్ళు తోడిన చేయి ఒక్కటే.

ఆయుధం విషయంలో ప్రవక్త (సఅసం) నేర్పిన మర్యాదలు ఎంత సూక్ష్మమైనవో మనలో చాలామందికి తెలియదు. బాణాలు తీసుకుని మస్జిదులోనో బజారులోనో నడిచేవాడు ఎవరికీ గుచ్చుకోకుండా వాటి మొనలను చేత పట్టుకోవాలి. ఒర నుండి దూసిన ఖడ్గాన్ని ఒకరి చేతి నుండి మరొకరు అందుకోరాదు. తోటి సోదరుని వైపు పరిహాసానికైనా ఆయుధం చూపరాదు. షైతాను చేయి జార్చవచ్చు, ఆ మనిషి నరకగుండంలో పడవచ్చు. ఇనుప వస్తువును సోదరుని వైపు ఎత్తినవానిని, ఎదుటివాడు సొంత తోబుట్టువైనా సరే, దైవదూతలు శపిస్తారని కూడా హెచ్చరించారు. ఇవి శాంతికాలపు సాధువులకు చెప్పిన మాటలు కావు. ప్రతి ఇంటా ఖడ్గం ఉన్న సమాజానికి చెప్పినవి. ఈ హదీసులు చదివిన కళ్ళతోనే పెళ్ళి బరాతులలో తల్వార్లు తిప్పుతూ తీసిన వీడియోలను, పుట్టినరోజున తల్వారుతో కేకు కోసే చిత్రాలను చూస్తున్నాము. ధైర్యానికీ వీటికీ సంబంధమేమీ లేదు. ఒకని ముచ్చట మహల్లా మొత్తానికి చెడ్డపేరు తెస్తున్నది, తండ్రులను పోలీసు స్టేషను బల్లల మీద కూర్చోబెడుతున్నది.

ఆత్మరక్షణ హక్కు మాటేమిటి? అది నిస్సందేహంగా ఉన్నది. తన సొత్తును కాపాడుకుంటూ హతుడైనవాడు షహీదు అని ప్రవక్త (సఅసం) అన్నారు. ప్రాణం, కుటుంబం, ధర్మం విషయంలోనూ అలాగే సెలవిచ్చారు. దౌర్జన్యాన్ని నోరుమూసుకుని భరించమని ఇస్లాం ఎవరినీ ఆదేశించలేదు. అయితే ధర్మశాస్త్రవేత్తలు ఈ హక్కుకు మెట్లు కట్టారు. ఇమాం నవవీ (మరణం: క్రీ.శ. 1277) తన ‘మిన్హాజ్’ గ్రంథంలో చెప్పిన క్రమం ఇది: మాటతో, కేకతో ఆపగలిగినప్పుడు కొట్టడం నిషిద్ధం; చేతితో ఆపగలిగినప్పుడు కొరడా నిషిద్ధం; కొరడాతో ఆగేవానిపై కర్ర నిషిద్ధం. పారిపోయి ప్రాణం దక్కించుకోగలిగితే పారిపోవడమే విధి, పోరాడరాదు. తప్పుకుపోవడం పిరికితనమనుకునే వారికి ఈ మాట మింగుడుపడదు. కానీ చెప్పింది ఇస్లామీయ న్యాయశాస్త్రంలో శిఖరప్రాయుడైన విద్వాంసుడు.

మన దేశ చట్టమూ ఇదే దారిలో ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. తన దేహాన్నే కాక ఇతరుల దేహాన్ని, ఆస్తిని కాపాడే హక్కును కూడా అవి గుర్తిస్తున్నాయి. కానీ రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయరాదని, అధికారులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదని 37వ సెక్షను చెబుతున్నది. పారిపోతున్నవానిని తరిమి కొట్టడం, నిన్నటి దెబ్బకు ఈరోజు బదులు తీర్చడం ఆత్మరక్షణ కిందికి రావు. షరీఅతులోనూ రావు, చట్టంలోనూ రావు.

ఇప్పుడు శిక్షణశాల సంగతి క్లుప్తంగా. కరాటే, జూడో, కుస్తీ, కర్రసాము మౌలికంగా అనుమతింపబడినవే. వంగడం విషయానికొస్తే, తోటి మనిషిని కలిసినప్పుడు అతని ముందు వంగవచ్చునా అని అడిగితే ప్రవక్త (సఅసం) వద్దన్నట్లు తిర్మిజీ గ్రంథంలో ఉన్నది. కనుక గురువుతో వినయంగా మాట్లాడి, సలాంతోనో, గుండెపై చేయి ఉంచడంతోనో సరిపెట్టుకోవాలి. పటాల ముందు వంగడం ఏ మాత్రం కూడదు. కొట్లాటలో ముఖాన్ని వదిలిపెట్టమని హదీసులో స్పష్టమైన ఆజ్ఞ ఉన్నది; ముఖాన్నే లక్ష్యంగా చేసుకునే వృత్తి బాక్సింగు నిషిద్ధమని 1987లో మక్కాలోని ప్రపంచ ముస్లిం లీగ్ ఫిఖ్ మండలి తీర్మానించడానికి ఇది ఒక ఆధారం. పురుషులు బొడ్డు నుండి మోకాలి వరకు కప్పుకోవాలి; లంగోటీతో బరిలో దిగే పాత అలవాటును మార్చుకోవడం కష్టమేమీ కాదు.

ఆ తల్లికి మా జవాబు: నేర్పించండి. హునైన్ యుద్ధంలో హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) నడుము వద్ద బాకు ఉంచుకున్నారు. ఎందుకని అడిగితే, శత్రువు దగ్గరకు వస్తే వాని కడుపు చీల్చడానికి అన్నారు. ప్రవక్త (సఅసం) నవ్వారే తప్ప వద్దనలేదు. హజ్రత్ ఆయిషా (రజి) తో ఆయన పరుగు పందెం కూడా వేశారు. ఆడపిల్లలకు స్త్రీలే నేర్పే చోటు వెతకండి, దొరకకపోతే నలుగురు తల్లులు కలిసి ఏర్పాటు చేసుకోండి. దుస్తుల మర్యాద, వేరు స్థలం కుదిరిన తరువాత సందేహించవలసినది లేదు. ఆకతాయి చేయి పట్టుకుంటే విడిపించుకోవడం, గట్టిగా కేక వేయడం, పరుగెత్తడం – ఈ మూడూ వస్తే అమ్మాయి చాలావరకు ఇంటికి క్షేమంగా చేరుతుంది. కొడుకులకు మాత్రం మరొక పాఠం ముందుగా నేర్పాలి: ఎవరి కూతురూ కేక వేయవలసిన అవసరం తమ వల్ల రాకూడదని.

ఇక తల్వారు అడిగిన ఆ యువకుని విషయం. అతనిని మేము ఒక్కటే అడిగాము: “రాత్రి తలుపు చప్పుడైతే, చీకట్లో దానిని ఎవరి మీద ఎత్తుతావు? కోపం వచ్చిన రోజున అది ఎవరికి అందుబాటులో ఉంటుంది?” అతనికి ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. కాసేపు మౌనంగా ఉండిపోయాడు. తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉన్నదో లేదో చూసుకొమ్మని, 112 నంబరును ఇంట్లో అమ్మకు కూడా నేర్పమని, పక్కింటివారితో – వారు ఏ మతస్థులైనా – మాట ముచ్చట పెంచుకొమ్మని చెప్పాము. కుస్తీ వల్ల గెలిచేవాడు బలవంతుడు కాడని, కోపంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలవంతుడని ప్రవక్త (సఅసం) బోధించిన హదీసును కూడా గుర్తుచేశాము. తల్వారు మాట అతడు మళ్ళీ ఎత్తలేదు. ఫజర్ నమాజు తరువాత మస్జిదు వెనుక ఖాళీస్థలంలో దండీలు, బస్కీలు తీసే నలుగురైదుగురు కుర్రవాళ్ళలో ఇప్పుడు అతడూ ఉన్నాడు. తమ్ముళ్ళను కూడా వెంటబెట్టుకుని వస్తున్నాడు.