తీర్పరికీ హద్దులున్నాయి

తెరచాప పడవల పందెంలో తప్పెవరిదో చాలాసార్లు ఒడ్డుకొచ్చాకే తేలుతుంది. ఫిర్యాదు, సాక్షులు, విచారణ... అచ్చం కోర్టే!

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ జోడీ పడవ స్తంభం ఆఖరి పందేనికి ముందు విరిగింది. క్రొయేషియా వాళ్ల పడవ అడిగి తెచ్చుకుని బంగారు పతకం కొట్టారు. అది చెల్లుతుందా? చెల్లుతుందంది జ్యూరీ. ఇటలీ, స్పెయిన్ క్రీడా న్యాయస్థానానికెక్కినా పతకం నిలిచింది.

ఒక్క మాటతో పతకం నిలిపే, లాగేసే ఈ పెద్దలకు కట్టుబాట్లూ గట్టివే. అంతర్జాతీయ జ్యూరీలో ఒకే దేశం వాళ్లు సాధారణంగా ఇద్దరికి మించకూడదు. ఆ రోజు పని ముగిసేదాకా మద్యం ముట్టకూడదు. అసలు చిక్కు పరిచయాలతోనే. చిన్న లోకం కదా, అందరూ ఎరిగినవాళ్లే! అందుకే చుట్టరికమో లాభమో ఉంటే విచారణకు ముందే బయటపెట్టాలి. ఇరుపక్షాలూ సరేననాలి, లేదా అది లెక్కలోకి రానంత చిన్నదని కమిటీ తేల్చాలి. లేదంటే కుర్చీ ఖాళీ చేయాల్సిందే.