మధ్యవర్తి మాటే ఆఖరు కాదు

‘రేపట్నుంచి పనికి రావద్దు’ అని కార్ఖానా గేటు దగ్గరే ఆపేశారు. యూనియన్ వాళ్ళు, సేఠ్ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇద్దరికీ నచ్చిన పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. ఆయన ‘తీసేయడం సబబే’ అని రాసిచ్చేశారు. ఇక అంతేనా? దారి మూసుకుపోయినట్లేనా?

మగ్గాన్ని నమ్ముకుని తాతల కాలంలో తెలంగాణ పల్లెల నుంచి షోలాపూర్ చేరిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇప్పటికీ చాదర్లు, తువ్వాళ్ళ కార్ఖానాలే బతుకుదెరువు. పని పోతే పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో. అలాంటి వారు తెలుసుకోవాల్సిన జవాబును సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది.

853 మంది కథ

అహ్మదాబాద్‌లోని గుజరాత్ స్టీల్ ట్యూబ్స్‌లో 1973లో సమ్మె జరిగింది. యాజమాన్యం 853 మందికి డిశ్చార్జి ఉత్తర్వులు ఇచ్చింది. గొడవ మధ్యవర్తి దగ్గరకు వెళ్తే ఆయన యాజమాన్యాన్నే సమర్థించారు. కార్మికులు ఊరుకోలేదు. హైకోర్టుకెక్కారు. హైకోర్టు మధ్యవర్తి తీర్పును కొట్టేసి, పనిలోకి తీసుకోమంది. యాజమాన్యం సుప్రీంకోర్టుకు వెళ్ళినా లాభం లేకపోయింది. ఉత్తర్వు పైకి మామూలు డిశ్చార్జిలా ఉన్నా అసలు అది శిక్షేనని జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ రాసిన మెజారిటీ తీర్పు తేల్చింది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద కూర్చున్న మధ్యవర్తి తీర్పును కూడా హైకోర్టు రిట్‌లో పరిశీలించొచ్చని స్పష్టం చేసింది.

హైకోర్టు ఏం చూస్తుంది?

అలాగని హైకోర్టు కేసును మళ్ళీ మొదట్నుంచి విచారించదు. ఇది అప్పీలు కాదు. సాక్షి చెప్పింది నమ్మాలా వద్దా అన్న జోలికి సాధారణంగా పోదు. కార్మికుడి వాదన వినకుండా తీర్పు ఇచ్చినా, ఆధారమే లేకుండా తప్పు మోపినా, ముఖ్యమైన సాక్ష్యాన్ని వదిలేసినా, చట్టాన్ని కళ్ళకు కనిపించేంత తప్పుగా అన్వయించినా జోక్యం చేసుకుంటుంది. అందుకే కింద రికార్డుకెక్కని మాటకు పైన విలువుండదు. హాజరు కార్డు, జీతం చీటీ, నోటీసు, దానికిచ్చిన జవాబు... అన్నీ మొదటి మెట్టులోనే దాఖలు చేయాలి. కాగితం మరాఠీలోనో ఇంగ్లిషులోనో ఉంటే చదివించుకుని, అర్థమయ్యాకే వేలిముద్రయినా సంతకమయినా!

గెలిచినా...

ఒక్కోసారి కార్మికుడే గెలుస్తాడు. యజమాని హైకోర్టుకు వెళ్తాడు. అక్కడ ఏళ్ళు గడిస్తే అంతవరకూ తినేదేమిటి? పనిలోకి తీసుకోవాలన్న తీర్పును యజమాని పైకోర్టులో సవాలు చేస్తే, ఆ కేసు తేలేవరకు చివరిసారి అందుకున్న పూర్తి వేతనం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇంకెక్కడా పని చేయడం లేదని కార్మికుడు అఫిడవిట్ వేయాలి. పాత బకాయిల సంగతీ అంతే. తొలగింపు అన్యాయమని తేలితే పాత వేతనంతో సహా పనిలోకి తీసుకోవడమే మామూలు పద్ధతని, మహారాష్ట్రకే చెందిన ఓ ఉపాధ్యాయిని కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

గడువు మరవొద్దు

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. రాతపూర్వక ఒప్పందంతో మధ్యవర్తిని పెట్టుకునే వీలు ఇందులోనూ ఉంది. వివాదం మొదలై రెండేళ్ళు దాటితే రాజీ అధికారి దాన్ని చేపట్టరు. రాజీ కుదరకపోతే ఆయన నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి.

ఇక హైకోర్టు అంటే ముంబయి రైలెక్కాల్సిన పని తప్పింది. 2025 ఆగస్టులో కొల్హాపూర్‌లో మొదలైన బొంబాయి హైకోర్టు సర్క్యూట్ బెంచ్ పరిధిలోకి షోలాపూర్ జిల్లా కూడా వచ్చింది. దారి దగ్గరైంది. కాగితాలు భద్రంగా దాచుకోవడమే కార్మికుడి వంతు.