డబ్బు బయల్దేరింది... ఎక్కడ దిగింది?

ప్రభుత్వం వేశామంటుంది. బ్యాంకు రాలేదంటుంది. మరి ఆ సొమ్ము ఏమైనట్టు? ఎక్కడ అడగాలో తెలిస్తే జాడ తీయడం అంత కష్టమేమీ కాదు!

పక్కింటాయన సెల్‌ఫోను టింగుమంది. పీఎం కిసాన్ రెండువేలు పడ్డాయి. ఎదురింటి వాళ్లకీ పడ్డాయి. మనకి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాంకుకెళితే 'పైనుంచే రాలేదండీ' అంటారు. వ్యవసాయశాఖలో అడిగితే 'జాబితాలో మీ పేరుందిగా, బ్యాంకులోనే కనుక్కోండి' అంటారు. నాలుగుసార్లు తిరిగేసరికి బస్సు ఛార్జీలూ పోయిన కూలీ కలిపి అసలుకే ఎసరొస్తుంది. రెండువేలే కదా అనొచ్చు. కానీ ఎరువు బస్తాకో, అమ్మ బీపీ మాత్రలకో వాటినే లెక్కలో పెట్టుకున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఆధారే అడ్రసు

పీఎం కిసాన్ కింద ఏడాదికి ఆరువేలు, నాలుగు నెలలకో రెండువేల చొప్పున మూడు విడతల్లో ఇస్తారు. ఈ సొమ్ముకి దారి చూపేది ఖాతా నంబరు కాదు, ఆధార్ నంబరు. ఏ ఆధార్‌కి ఏ బ్యాంకు అన్న పట్టిక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర ఉంటుంది. అందులో ఒక మనిషికి ఒకే బ్యాంకు. మధ్యలో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి, సబ్సిడీలు ఇక్కడికే రావాలని సంతకం పెట్టారనుకోండి... సొమ్ము అక్కడికి మళ్లుతుంది. మనం పాత పాసుపుస్తకం పట్టుకుని ఎదురుచూస్తుంటాం!

2017లో జరిగిందిదే. సిమ్ కోసం వేలిముద్ర వేసినవాళ్లకు తెలియకుండానే ఓ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. గ్యాస్ సబ్సిడీలు వాటిలోకి వెళ్లిపోయాయి. గొడవయ్యాక ఆ సొమ్ము వెనక్కి ఇప్పించారు.

ఇంకో పొరపాటూ ఉంది. బ్యాంకులో ఆధార్ జిరాక్సు ఇస్తే పని అయిపోయిందనుకుంటాం. అది గుర్తింపు కోసమే. ఆ పట్టికలో పేరెక్కాలంటే విడిగా అంగీకారపత్రం ఇవ్వాలి.

జాడ ఇలా తీయండి

పీఎం కిసాన్ పోర్టల్‌లో 'నో యువర్ స్టేటస్' చూడండి. ఈ-కేవైసీ, భూమి వివరాలు, ఆధార్‌తో బ్యాంకు అనుసంధానం... మూడింటికీ 'ఎస్' ఉండాలి. 'ఎఫ్‌టీవో' అన్నచోట 'ఎస్' కనబడితే సొమ్ము పంపే ఉత్తర్వు తయారైందని అర్థం. ఖాతాలో పడిందని కాదు సుమా!

తర్వాత మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లోపలికెళ్లి 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' నొక్కితే, సొమ్ము ఏ బ్యాంకుకి వెళుతోందో పేరుతో సహా వస్తుంది. ఆ బ్యాంకు పాసుపుస్తకంలో ఎంట్రీలు వేయించండి. మెసేజ్ రాకపోయినా సొమ్ము పడి ఉండొచ్చు.

ఏ తలుపు తట్టాలి?

ఈ-కేవైసీ ఆగితే పోర్టల్‌లో ఓటీపీతో పూర్తిచేయొచ్చు. పనిచేసి పనిచేసి వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు యాప్‌లో ముఖం చూపించే పద్ధతి 2023లో వచ్చింది. భూమి దగ్గర 'నో' ఉంటే మండల వ్యవసాయాధికారిని కలవాలి. తండ్రి పోయాక పొలం పిల్లల పేరిట మారిన ఇళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి. బ్యాంకు దగ్గర 'నో' ఉంటే బ్రాంచిలో అంగీకారపత్రం ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఖాతా నంబరుతో వచ్చే సొమ్ములకు మరో చిక్కు. ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. దరఖాస్తులో పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఉంటే మార్పించుకోవాలి.

అయినా కదలకపోతే..?

పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు. బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోతే రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్ ఉండనే ఉన్నాడు. సమాచారహక్కు చట్టం కింద పదిరూపాయల దరఖాస్తూ పనిచేస్తుంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'నా డబ్బు ఎందుకు రాలేదు' అని కాకుండా 'ఏ తేదీన, ఏ లావాదేవీ నంబరుతో, ఏ బ్యాంకుకి పంపారు? తిరిగొస్తే కారణమేంటి?' అని అడగండి. అప్పుడు తప్పించుకునే వీలుండదు.

ఒక్క జాగ్రత్త. 'విడత సొమ్ముకి ఇది నొక్కండి' అంటూ వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లను ముట్టుకోవద్దు. ఉన్నది కూడా ఊడ్చుకుపోతారు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ఈ వెతుకులాటంతా ఓటీపీలూ పోర్టళ్ల మీదే నడుస్తుంది. డెబ్భై ఏళ్ల తాతయ్యకు అవి ఎక్కడ తెలుస్తాయి? ఆయన నాలుగుసార్లు బస్సెక్కే పనిని మనవరాలు పక్కన కూర్చుని అరగంటలో చేసిపెట్టగలదు. ఈ ఆదివారం ఇంట్లో పెద్దవాళ్ల పాసుపుస్తకాలు ఓసారి బయటికి తీయండి మరి!