అద్దె ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. నేడు “అద్దెకుండి చూడు” అనికూడ చేర్చవలసి యున్నది.

హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చల్, శామీర్‌పేటలు ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడినవి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఈ ఊళ్ళమీదుగా సాగినది; చెంతనే జీనోమ్ వ్యాలీలో పరిశోధనాలయములు పెరిగినవి; 2008లో బిట్స్ ప్రాంగణము వెలసినది. తోటలు ప్లాట్లయినవి, విల్లాలచుట్టు ప్రహరీలు లేచినవి.

వచ్చినవారిది తప్పుకాదు, పని యున్నచోటికి మనిషి వచ్చును. కాని వారి బిడ్డలకు అక్షరములు దిద్దించు పంతులు ఎచ్చట నుండవలెను? అద్దె పెరిగినకొలది అతడు బడికి దూరముగా జరుగును. బస్సులో గడచు గంటలుకూడ అద్దెయే. అది రసీదులో కనబడదు.

ఊరు పెరుగుట మేలే. చదువు చెప్పువానికి ఆ ఊరిలో చూరు దొరకినప్పుడే అది పెరుగుదల.