ఒక్కటి అడిగితే ఇన్ని ఎందుకు దిగుతాయి?

ప్రశ్న: మాది సండూరు తాలూకా యశ్వంతనగర్. కన్నడం, తెలుగు రెండూ టైపు చేయాలి. డెబియన్ లినక్స్‌లో ఏ ప్యాకేజీ అడిగినా వెంట మరికొన్ని దిగుతున్నాయి. ఎందుకు? ఎలా?

జవాబు: మీ కీబోర్డు సంగతే తీసుకుందాం. ఐబస్-ఎం17ఎన్ అనే ప్యాకేజీ అడిగారనుకోండి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలన్న పట్టికలు అందులో ఉండవు. అవి ఎం17ఎన్-డీబీ అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి. కన్నడ ఇన్‌స్క్రిప్టూ, తెలుగు ఇన్‌స్క్రిప్టూ, ఆర్‌టీఎస్సూ అన్నీ అక్కడే. కాబట్టి అదీ వెంట దిగుతుంది; దాన్ని ఒక్కసారి దించుకుంటే మీ రెండు భాషలకూ సరిపోతుంది.

ఇలా విడదీయడంలో అసలు లాభం మరమ్మతు దగ్గర తెలుస్తుంది. ‘స్త్రీ’ అని రాసినప్పుడు సకారం కింద తవత్తు, రవత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. డెబియన్‌లో లిబ్రెఆఫీసుతో సహా ఎన్నో ప్రోగ్రాములు దాని మీదే ఆధారపడతాయి. అందులో తప్పు దిద్దితే వాటన్నిట్లోనూ ఒత్తులు చక్కబడతాయి. భద్రతా లోపమైనా అంతే, ఒక్కచోట పూడిస్తే చాలు. ప్రతి ప్రోగ్రామూ సొంత నకలు పెట్టుకుంటే ఏది దిద్దామో, ఏది మరిచామో ఎవరికీ తెలియదు.

ఇక ఎలా అంటే, ప్రతి ప్యాకేజీలోనూ కంట్రోల్ అనే చిన్న ఫైలుంటుంది. తనకు ఏవి కావాలో, కనీసం ఏ వెర్షన్ ఉండాలో, దేనితో పొసగదో అందులో రాసి ఉంటుంది. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ అనే ప్రోగ్రాము ఆ వివరాలు చదివి, అవసరమైనవాటి అవసరాలు కూడా వెతికి, వరుస తేల్చి, వాటిని ఎక్కించే డీపీకేజీ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తుంది. డీపీకేజీ తనంతట తాను ఏదీ తెచ్చుకోదు; లేనిదాన్ని లేదని చెప్పి పని సగంలో ఆపేస్తుంది. ఎక్కడి నుంచో దించిన డెబ్ ఫైలును నేరుగా దానికి ఇచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

తప్పనిసరి కాకపోయినా ఉంటే మేలు అనిపించే ‘రికమెండ్స్’ ప్యాకేజీలనూ ఆప్ట్ మామూలుగా తెచ్చేస్తుంది. మీ నెట్ నెమ్మదైతే ‘నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్’ అనే ఐచ్ఛికంతో వాటిని ఆపుకోవచ్చు. తోడుగా వచ్చినవాటిని ఆప్ట్ గుర్తు పెట్టుకుంటుంది. అవసరం తీరాక ‘ఆటోరిమూవ్’ అంటే తీసేస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ‘వై’ నొక్కే ముందు ఆప్ట్ చూపే జాబితా పూర్తిగా చదవండి. కొత్తవి ఎన్ని వస్తున్నా భయం లేదు. ఉన్నవాటిని తీసేస్తానని చెబితే మాత్రం ‘ఎన్’ నొక్కి, ఏవి పోతున్నాయో చూసుకోండి.